వాన పడ్డ రాత్రి ఎదురొచ్చే బండి

బిజినేపల్లి దాటి వనపర్తి వైపు పోయే తోవలో ఒక మలుపుంది. ఒకప్పుడు దానికి పేరంటూ లేదు. ఇప్పుడు బస్సు కండక్టర్లు కూడా ఎదురుబండి మలుపు అనే పిలుస్తారు. చీకటి పడ్డాక అక్కడ దిగుతామంటే, టికెట్ చింపుతూ మనిషిని ఒకసారి కిందా మీదా చూస్తారు.

వాన పడి వెలిసిన రాత్రి ఆ మలుపు దగ్గరికి ఒంటరిగా బండి మీద పోతే, ఎదురుగా ఇంకో బండి వస్తుంది. మోత ఉండదు. హారన్ ఉండదు. లైటు మాత్రం... అలా వస్తూనే ఉంటుంది. నువ్వు వేగం పెంచితే అదీ పెంచుతుంది. నువ్వు ఎడమకు తప్పుకుంటే అది కూడా నీ ఎడమకే జరుగుతుంది. కుడికి తిప్పితే నీ కుడికే వస్తుంది. ఎటు పోయినా నీ ముందరే.

ఆటో బాలయ్య కళ్ళారా చూశాడు. నిజానికి పూర్తిగా చూడలేదు, సగం చూసేసరికే ఆటో వదిలి పొలాలకు అడ్డం పడి పరుగెత్తాడు. మూడు రోజులు జ్వరం. పాల క్యాన్లు వేసే భానుప్రకాశ్ కూడా చూశాడు. అతను కళ్ళు మూసుకుని ఆంజనేయుణ్ణి తలుచుకున్నాడు, దాంతో పాలన్నీ జొన్నచేను తాగింది. బాలయ్యకు కనిపించింది ఆటో అట, భానుప్రకాశ్‌కు కనిపించింది మోటారు సైకిలు అట. ఆ దెయ్యానికి ఎన్ని బండ్లున్నాయో, ఏ షెడ్డులో పెట్టుకుంటుందో ఎవరూ అడగలేదు. భయపడ్డవాళ్ళను అలాంటివి అడగకూడదు.

అయితే బాలయ్యా, భానుప్రకాశ్ బతికి బయటపడ్డారు. అందరికంటే ముందు చూసినవాడు బతకలేదు. అతని పేరు వినయ్. ప్రభుదాసు తమ్ముడు.

ప్రభుదాసు అద్దం పనివాడు. తండ్రి పోయాక పందొమ్మిదో ఏట పెద్దన్న అనే మేస్త్రీ గుంపులో చేరి హైదరాబాదు పోయాడు. మాదాపూర్ వైపు ఆకాశం అంచున లేచిన నీలం నీలం అద్దాల మేడల్లో ఎన్నిటికో అతని చేతులు తగిలాయి. పదంతస్తుల పైన తాడుకు వేలాడుతూ ఒక్కో అద్దాన్ని చంటిపిల్ల కన్నా పదిలంగా పట్టుకుని బిగించేవాడు. అతని నడుముకు తాడు కట్టేది మాత్రం ఎప్పుడూ పెద్దన్నే. ఇంకొకరు కట్టిన ముడిని ప్రభుదాసు నమ్మేవాడు కాదు.

ఆ మేడలు పూర్తయ్యాక వీళ్ళను ముందు గుమ్మంలోంచి లోపలికి రానిచ్చేవాళ్ళు కారు. ఆ కోపం పెద్దన్నకు చాలా ఏళ్ళుంది.

"మనం బిగించిన అద్దంల మన మొఖం చూసుకుంటే వాచ్‌మన్ పో అవతలికి అంటుండు. మన తోవల మనదొక్కటి ఉండాలె తమ్మీ," అనేవాడు.

అన్నట్టే కట్టాడు. రెండువేల ఏడో సంవత్సరం మాఘమాసానికి ఆ మలుపు మీద మూడంతస్తుల బిల్డింగు లేచింది. కింది నుంచి పైదాకా ముందు గోడంతా అద్దమే. రోడ్డు తిన్నగా దాని ముఖం మీదికి వచ్చి, తగలబోయేంతలో మనసు మార్చుకున్నట్టు ఎడమకు తిరుగుతుంది. అద్దాలన్నీ బిగించింది ప్రభుదాసే. అన్న పని చూడాలని వినయ్ రోజూ వచ్చి కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసేవాడు.

చుట్టుపక్కల నాలుగూళ్ళకు అదో వింత. బస్సులో ఆడవాళ్ళు మలుపు రాగానే జుట్టు సర్దుకునేవారు. పిచ్చుకలు వచ్చి తమ నీడలతో కొట్లాడేవి. అలివేలమ్మ మేకపోతు అయితే ఎదురుగా ఇంకో మేకపోతు నిలబడి ఉందనుకుని, నాలుగడుగులు వెనక్కి వేసి మరీ పొడిచింది. అద్దానికి ఏమీ కాలేదు గానీ మేకపోతుకు ఒక కొమ్ము పోయింది. అలివేలమ్మ ఆ కొమ్ము పట్టుకుని వచ్చి పెద్దన్నను పొద్దుగూకేదాకా తిట్టింది.

ఆ సాయంత్రమే ప్రభుదాసు సున్నం కలిపి, ప్రతి అద్దం మీదా నిలువెత్తు ఇంటూ గుర్తు వేశాడు. కొత్త అద్దానికి అలా వేయాలి. లేకపోతే అక్కడ ఖాళీ ఉందనుకుని మనిషైనా పశువైనా వచ్చి గుద్దుకుంటుంది. వేసేది కూడా లోపలి వైపే వేయాలి. వానకు పోదు, ఎవడూ గోకి చెరపలేడు. బిల్డింగులో మనుషులు చేరి దీపాలు వెలిగేదాకా ఆ గుర్తు తీయకూడదు. ఇది అద్దం పనివాళ్ళ కట్టుబాటు. ప్రభుదాసుకు దీన్ని నేర్పింది పెద్దన్నే.

గుర్తులు వేసి, తాళాలు మేస్త్రీ చేతికిచ్చి, ప్రభుదాసు మళ్ళీ హైదరాబాదు బస్సెక్కాడు.

ఏప్రిల్‌లో ఒక శనివారం రాత్రి ఫోను వచ్చింది. వినయ్ బండి మలుపు దగ్గర నీళ్ళు పోయే మోరీ గోడకు కొట్టుకుందని, వనపర్తి దవాఖానలో ఉన్నాడని. ప్రభుదాసు దొరికిన లారీ పట్టుకుని తెల్లవారుజాముకు చేరాడు. తమ్ముడు అన్నను గుర్తుపట్టాడు. పెదవులు కదిపాడు.

"అన్నా... ఎదురుగ బండొచ్చింది..."

"ఎవరి బండి తమ్మీ?"

"తెల్వదు... నేనెటు పోతే అటే వచ్చింది..."

అంతే. తెల్లారకముందే పోయాడు.

కాసేపటికి పెద్దన్న వచ్చాడు. ప్రభుదాసును గట్టిగా వాటేసుకుని, తనే ముందు ఏడ్చాడు. ఆ పొద్దు ప్రభుదాసు నల్లచొక్కా వేసుకుని ఉన్నాడు. తరువాత ఎప్పుడో చూసుకుంటే భుజం మీద తెల్లగా నాలుగు వేళ్ళ అచ్చులు కనిపించాయి. పెద్దన్నకు తంబాకులో సున్నం కలిపి నలిపే అలవాటుంది. అదే అనుకున్నాడు.

పోలీసులు మలుపు దగ్గర అంతా వెతికారు. ఇంకో బండి జాడ లేదు. టైరు గుర్తు కూడా వినయ్ బండిదే ఉంది. ప్రభుదాసు వెళ్ళి చూశాడు. అద్దాల మీద తెల్లటి గుర్తులు ఎక్కడివక్కడే ఉన్నాయి. తను వేసినప్పటికంటే తెల్లగా ఉన్నట్టు అనిపించింది గానీ, రాత్రంతా నిద్ర లేని కళ్ళను అతను నమ్మలేదు.

ఇక ఊరు ఊరుకుంటుందా? ఎదురుగా బండి లేకుండా బండి ఎలా కనిపిస్తుంది? తాగినోడికి కనిపిస్తుంది. ఆ మాట రచ్చబండ దగ్గర పుట్టి ఇంటింటికీ తిరిగి చివరికి సత్యమ్మ వాకిట్లోకి వచ్చింది.

వినయ్ ఆ రాత్రి వస్తున్నది చర్చిలో పాటల సాధన ముగించుకుని. జన్మలో చుక్క ముట్టనివాడు. తల్లి సత్యమ్మ ఆ రాత్రి కొడుకు ఒంటి మీదున్న చొక్కా ఉతకకుండా దాచిపెట్టింది. రోజుకు నాలుగుసార్లు తీసి వాసన చూసేది.

"చూడు పెద్దోడా. లేదు కద? సారా వాసన లేదు కద? జర మంచిగ చూడు."

"లేదమ్మా."

"మరి ఎందుకంటున్నరు గట్ల?"

ప్రభుదాసు దగ్గర జవాబు లేదు. పాస్టరు దగ్గరా లేదు. జవాబు తెచ్చింది పెద్దన్నే. ఒకరోజు అరుగు మీద కూర్చుని గొంతు తగ్గించి చెప్పాడు.

"తాగి పడ్డడు అనిపించుకునుడు ఎందుకు తమ్మీ? ఆ మలుపుల ఏదో ఉన్నది. నాకూ ఓసారి కనబడ్డది. దెయ్యమే అనుకోనీ... పిల్లగాని పరువన్న నిలుస్తది."

దెయ్యం అన్న మాట ఆ మలుపు గురించి మొదట పలికిన నోరు అదే. ప్రభుదాసుకు ఆ రోజు పెద్దన్న మీద ప్రేమ పొంగింది. సొంత బిల్డింగు ముందర దెయ్యం ఉందని తన నోటితో చెప్పుకుంటున్నాడు, మా వాడి పేరు కోసం... ఏ తోబుట్టువు చేస్తాడు ఇంత పని? చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

జూన్‌లో వానలు మొదలయ్యాయి. బాలయ్య చూశాడు. జూలైలో భానుప్రకాశ్ చూశాడు. అందరూ వాన పడ్డ రాత్రే. తెల్లారి పోయి చూస్తే ఏమీ ఉండదు, మలుపూ, బిల్డింగూ, తెల్ల గుర్తులూ తప్ప. సత్యమ్మ మాత్రం అందరి మాటా విని ఒకటే అంది.

"వాడే పెద్దోడా. చెప్పనీకె వస్తుండు. మనమే పోతలేము."

ఆగస్టులో ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. తొమ్మిదింటికి వెలిసింది. కరెంటు పోయింది. ప్రభుదాసు తల్లికి చెప్పకుండా వినయ్ బండి బయటికి తీశాడు. మరమ్మతు చేయించిన బండి. కిక్కు కొడితే లైటు వణుకుతూ వెలిగింది. దెయ్యాలను నమ్మకూడదని అతని మతం చెప్పింది. నమ్మకూడదు... సరే. కానీ అక్కడ తమ్ముడే ఉంటే ఒక్క మాట అడగాలి. తాగినవా, లేదా? ఆ మాట తెచ్చి అమ్మకు చెప్పాలి. అంతే.

రోడ్డు మీద పురుగు లేదు. కప్పల అరుపులు... తడి తారు వాసన... దూరంగా ఎక్కడో మోటారు ఆగిపోయిన చప్పుడు.

మలుపు ఇంకా రెండు వందల గజాలుంది.

చీకట్లో ఒక చుక్క వెలిగింది.

ప్రభుదాసు హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాడు. బండి ఆపలేదు. చుక్క పెద్దదైంది. వణుకుతోంది, అచ్చం వినయ్ బండి లైటు వణికినట్టే వణుకుతోంది. చప్పుడు లేదు. ఎడమకు తిప్పాడు. అది అతని ఎడమకే జరిగింది. కుడికి వచ్చాడు. అది కుడికే వచ్చింది.

నేనెటు పోతే అటే వచ్చింది...

బ్రేకు వేశాడు. అదీ ఆగింది.

ఇంజను ఆపకుండా, లైటు ఆర్పకుండా, బండికి స్టాండు వేసి దిగాడు. అవతల కూడా ఒక మనిషి దిగాడు. వెనక లైటు ఉండటంతో ముఖం కనిపించలేదు. నల్లటి ఆకారం... సన్నటి భుజాలు... అన్నదమ్ములిద్దరివీ ఒకే భుజాలు.

"వినయ్..."

ప్రభుదాసు ఒక అడుగు వేశాడు. అతనూ వేశాడు. ఇంకా ముందుకు నడిచాడు. నీళ్ళు నిండిన గుంతలో కాలు పడింది. చెయ్యి చాచాడు.

"నేను అన్నను రా. చెప్పు... నువ్వు తాగినవా?"

ఆ చెయ్యి వచ్చి ఈ చేతికి తగిలింది.

చల్లగా ఉంది. తడిగా, నున్నగా ఉంది.

పదేళ్ళుగా రోజూ ముట్టుకున్న నునుపు అది. చీకట్లో ముట్టుకున్నా మందం ఎంతో చెప్పగలడు.

అద్దం.

ప్రభుదాసు నవ్వాడు. ఏడుపు రాబోయి నవ్వు వచ్చింది. అలివేలమ్మ మేకపోతు గుర్తొచ్చింది. వినయ్‌కు ఎదురుగా వచ్చింది వినయే. వాడు తప్పుకుంది వాడి లైటు నుంచే. తాగలేదు, దెయ్యమూ లేదు. అమ్మా, వాసన చూడకే ఇంక...

నవ్వు మధ్యలో ఆగిపోయింది.

గుర్తులు ఏవి?

నిలువెత్తు గుర్తు ఉండగా ఈ అద్దం ఎవరినీ మోసం చేయలేదు. జేబులోంచి చిన్న టార్చి తీసి, అద్దానికి ఆనించి లోపలికి కొట్టాడు. లోపలి వైపు శుభ్రంగా ఉంది. తడిబట్టతో తుడిచిన చారలు ఎండిపోయి ఉన్నాయి. అవి ఇవాళ్టి చారలు కావు. వేలితో బయటి వైపు గీశాడు. వేలికి తెల్లగా అంటింది. కింద చూశాడు. తను కాలు వేసిన గుంతలో నీళ్ళు పాలలా ఉన్నాయి.

తను వేసింది లోపల. దాన్ని ఎవరో తుడిచేశారు. తరువాత ఎవరో బయట వేశారు. వాన పడినప్పుడల్లా అది కారిపోతోంది... మళ్ళీ ఎవరో వేస్తున్నారు. తాళాలు ఒక్కరి దగ్గరే ఉన్నాయి.

భుజం మీద నాలుగు వేళ్ళు... తెల్లవారుజామున, దవాఖానలో.

ప్రభుదాసు ఆ భుజాన్ని పట్టుకున్నాడు. దెయ్యాన్ని చూసినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు.

అద్దంలో, అతని లైటు పక్కన ఇంకో లైటు వెలిగింది.

ఈసారి అతను అద్దాన్ని చూడలేదు. వెనక్కి తిరిగాడు. మోపెడ్ ఒకటి వచ్చి ఆగింది. ముందర సున్నం బకెట్టు. హ్యాండిలుకు కట్టిన చీపురు. దిగిన మనిషి రెండడుగులు వేసి, ప్రభుదాసును చూసి అక్కడే రాయిలా నిలబడిపోయాడు.

కప్పలు అరుస్తూనే ఉన్నాయి.

"ఎన్నడు తుడిచినవ్ అన్నా?" అన్నాడు ప్రభుదాసు.

పెద్దన్న బకెట్టు కింద పెట్టాడు.

"గురువారం... బిల్డింగుల కాలేజీ పెట్టేటోళ్ళు చూడనీకె వస్తమన్నరు. అద్దం తెల్లగ మెరవాలె కద తమ్మీ... శనారం పొద్దుగూకంగ చూసి పోయిన్రు. తెల్లారినంక వేద్దాములే అనుకున్న. ఇంకొక్క రాత్రే అనుకున్న..."

"రాత్రికి రాత్రి వేసినవ్ కద. వినయ్ ఇంకా బతికే ఉన్నడు అప్పుడు."

పెద్దన్న బకెట్టు వైపు చూశాడు.

"బయట ఎందుకు వేసినవ్? నాకు నేర్పింది నువ్వు. లోపల వేయాలని నువ్వే కద చెప్పినవ్."

పెద్దన్న నుంచి జవాబు వచ్చింది. అది రాకుండా ఉంటే బాగుండేదని ప్రభుదాసు తరువాత చాలాసార్లు అనుకున్నాడు.

"వాళ్ళు మళ్ల వస్తమన్నరు. బయటుంటే... నాలుగు బిందెల నీళ్ళు కొడితే పోతది కద అని."

పదేళ్ళు ఆ చేతులు కట్టిన ముడికి ప్రాణం వేలాడదీశాడు ప్రభుదాసు. ఆ చేతులనే కళ్ళకద్దుకున్నాడు. దెయ్యం అన్న మాట తమ్ముడి పరువు కోసం కాదని, అద్దం మెరవడం కోసమని ఇప్పుడు తెలిసింది. ఊరంతా తన తమ్ముణ్ణి తాగుబోతు అన్నప్పుడు, నిజం తెలిసిన ఒక్క మనిషి తన అరుగు మీదే కూర్చుని చాయ్ తాగాడు.

"నిన్ను కొడుకు లెక్క చూసిన తమ్మీ. చెప్తే పోయినోడు వస్తడా చెప్పు? అందుకనే... వాన పడ్డప్పుడల్ల పరేషాన్ అయి వస్తున్న. నిద్ర లేదు నాకు."

ప్రభుదాసు చెయ్యి చాచాడు.

"తాళాలు."

పెద్దన్న మొలతాడుకున్న గుత్తి విప్పి ఇచ్చాడు. ప్రభుదాసు బకెట్టూ చీపురూ తీసుకుని, పక్క గుమ్మం తాళం తీసి లోపలికి పోయాడు. లోపల కటిక చీకటి. బయట రెండు బండ్ల లైట్లు అద్దం మీద పడుతున్నాయి. లోపలి నుంచి రోడ్డు, వాన నీళ్ళు, పెద్దన్న... అన్నీ పగటిలా కనిపిస్తున్నాయి.

మొదటి అద్దానికి వేశాడు. పై మూల నుంచి కింది మూలకు, మళ్ళీ ఇటు నుంచి అటు. రెండు పూతలు. రెండో అద్దానికి వేశాడు. ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చాడు. ఏ గీతా వంకర పోలేదు.

కింది వరుసలో ఒక్క అద్దం మిగిలింది. పెద్దన్న వచ్చి సరిగ్గా దాని ముందరే నిలబడ్డాడు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి లోపలికి చూడబోయాడు. అతనికి కనిపించింది అతని ముఖమే. ఆ ముఖంతోనే మాట్లాడాడు.

"తమ్మీ... లోపలున్నవా? ఏం కనబడ్తలేదు నాకు. ఒక్క మాట పలుకు."

ప్రభుదాసు జానెడు దూరంలో నిలబడి ఉన్నాడు.

"నన్ను ఏమన్న చెయ్యి... మీ అమ్మకు మాత్రం చెప్పకు తమ్మీ. ఆమె చేతి బువ్వ తిన్న."

ప్రభుదాసు చీపురు బకెట్టులో ముంచాడు. అద్దం అవతలి ముఖం మీద, నుదుటి నుంచి గడ్డం దాకా ఒక గీత గీశాడు. మళ్ళీ ముంచి, రెండో గీత గీశాడు.

ఆ తరువాత ఆ మలుపులో ఎవరికీ ఏ బండీ ఎదురు రాలేదు. పాడు పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. కాలేజీవాళ్ళు రాలేదు. లోపలి గుర్తులు ఏళ్ళ తరబడి చెక్కు చెదరలేదు.

గుర్తులు వేసిన మరునాడు మాత్రం ఎండ బాగా కాసింది. సత్యమ్మ వాకిట్లో తాడు మీద, నాలుగు నెలలుగా ఉతకని చొక్కా ఒకటి నీళ్ళు కారుతూ ఆరింది.